డేటాబేసు పుస్తకంలో ముందు రావలసిన అధ్యాయం ఏది?

కల్లంలో వడ్లు కుప్ప పోసినంక మా నాయన చేసే మొదటి పని ఒకటుంది. అమ్మకానికి ఒక్క బస్తా కుట్టకముందే, తిండికి ఒక్క గింజ ఇంటికి చేరకముందే, మంచి గింజ చూసి వచ్చే కారుకు విత్తనం తీసి పక్కన పెడతాడు. ఈ రోజుల్లో చాలామంది రైతులు విత్తనం దుకాణంలోనే కొంటున్నారు. మేమూ కొంటాం. అయినా ఒక్క రకం మాత్రం మా నాయన ఇంటి విత్తనమే వాడతాడు. "ఆఖర్న తీద్దామనుకుంటే ఆఖర్న తాలే మిగుల్తది" అంటాడు.

సైన్సు చదివేవాణ్ణి కాలేజి సంచికకు వ్యాసం రాయమంటే వడ్లతో మొదలుపెట్టాడేమిటని మీరనుకోవచ్చు. నేను రాయదలచుకున్నది డేటాబేసు సాఫ్ట్‌వేరుతో పాటు ఇచ్చే పుస్తకం గురించి, అందులో అధ్యాయాలను ఏ వరసన పేర్చాలనే విషయం గురించి. ఇది కూడా ఒక విషయమేనా, దీని మీద వాదులాడేందుకు ఏముందని మొన్నటి వేసవి దాకా నేనూ అనుకున్నవాణ్ణే. నాచారంలో జరిగిన ఒక సంగతి నా అభిప్రాయాన్ని తలకిందులు చేసింది.

ముందుగా ఒక్క మాట. డేటాబేసు అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. మన ఊళ్ళల్లో పహాణీ చూడని రైతు ఉండడు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగుచేసేవాని పేరు, నీటి వసతి, వేసిన పంట; ఒక్కో అడ్డ వరస ఒక్కో భూమి, ఒక్కో నిలువు గడి ఒక్కో వివరం. 1970లో ఐ.బి.యం. కంపెనీలో పనిచేస్తున్న ఇ.ఎఫ్. కాడ్ అనే శాస్త్రజ్ఞుడు సమాచారాన్నంతా ఇలాంటి పట్టికలుగా భావించవచ్చునని ప్రతిపాదిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ సమాచారం యంత్రం లోపల ఏ మూల ఎట్లా దాచివుందో వాడేవాడికి తెలియనక్కర లేదన్నది అందులోని గొప్ప మాట. నేడు మనం వాడే డేటాబేసుల్లో అధిక భాగం ఆ మాట మీదనే నిలబడి ఉన్నాయి. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి.

నేను నాచారంలో ముగ్గురు మిత్రులతో కలిసి గది తీసుకొని ఉంటున్నాను. మా ఊరి బస్సు వరంగల్ రోడ్డు మీదుగా వచ్చి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దింపుతుంది. ఈ ప్రాంతం చిత్రమైనది. ఉప్పల్ రోడ్డు మీద 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. అదే దారిలో హబ్సిగూడ దగ్గర సి.సి.యం.బి. ఉంది. కొంచెం ఇటు తిరిగితే నాచారం పారిశ్రామికవాడలో రేకుల షెడ్లు, లారీలు, టిఫిను డబ్బాలు పట్టుకొని షిఫ్టుకు పోయే ఆడవాళ్ళు. భూమి పొరలను చదివే శాస్త్రజ్ఞుడికీ పట్టికలే ఆధారం, అట్టపెట్టెలు కట్టే కూలి అక్కకూ పట్టికలే ఆధారం. శాస్త్రజ్ఞుడు తన పట్టికను తాను చదువుకోగలడు. అక్క లెక్కను వేరే ఎవరో చదవాలి. తేడా అల్లా అక్కడే ఉంది.

వేసవి సెలవుల్లో అలాంటి ఒక చిన్న ప్యాకింగు యూనిట్‌లో రెండు నెలలు లెక్కలు ఎక్కించే పనికి కుదిరాను. నలభై మంది దాకా ఆడవాళ్ళు పనిచేసేవారు. పీసు రేటు. రోజుకు ఎవరు ఎన్ని పెట్టెలు కట్టారో సాయంత్రం సూపర్‌వైజరు చీటీలు తెస్తే నేను కంప్యూటరులో ఎక్కించాలి. శనివారం బట్వాడా. దానికోసం ఎవరి దగ్గరో కొన్న ఒక డేటాబేసు సాఫ్ట్‌వేరు, దానితో పాటు నూట ఎనభై పేజీల ఇంగ్లీషు మాన్యువలు ఉండేవి. ఆ మాన్యువలును బీరువాలోంచి బయటికి తీసిన జ్ఞాపకం ఎవరికీ లేదు.

ఒక గురువారం సాయంత్రం ఉరుములతో వాన పట్టింది. కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక కంప్యూటరు లేచింది గాని సాఫ్ట్‌వేరు తెరుచుకోలేదు. ఎకౌంటెంటు సారు పెళ్ళికని ఊరికి పోయి ఉన్నారు, ఫోను కలవలేదు. పది రోజుల కిందట ఆయన పెన్‌డ్రైవులో తీసి పెట్టిన కాపీ ఒకటి ఉంది. సూపర్‌వైజరూ నేనూ టార్చిలైటు పెట్టి మాన్యువలు తిరగేశాం. మొదటి అధ్యాయం ఫైలు మెనూ. రెండోది ఎడిటు మెనూ. మూడోది మాస్టర్లు. నాలుగోది ఎంట్రీలు. ఐదోది రిపోర్టులు. ఆ తర్వాత ప్రింటరు అమరిక, రంగులు మార్చుకోవడం. చిట్టచివర ఇతర సదుపాయాలనే పేరుతో ఒక అధ్యాయం, అందులో 171వ పేజీలో కాపీని తిరిగి ఎక్కించే పద్ధతి. ఐదు మెట్లు రాసి ఉన్నాయి. ఐదూ వరసగా చేశాం. అయిపోయిందని తెర చెప్పింది. సంతోషంగా పేజీ తిప్పితే 172లో ఒక గడి గీసి అందులో ఇట్లా రాసుంది: పై మెట్లు మొదలుపెట్టే ముందు సర్వరును ఆపవలెను, ఉన్న ఫైళ్ళను వేరే చోట భద్రపరచుకొనవలెను.

ముందు చేయవలసిన పనిని తర్వాతి పేజీలో రాశారన్నమాట. పాడైందనుకున్న ఫైళ్ళలోంచి బహుశా బయటికి తీయదగిన పది రోజుల లెక్కను, మా చేతులతో మేమే చెరిపేశాం.

మర్నాడు పొద్దున ఈ సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు నా నోట మాట రాలేదు. అందరికన్నా పెద్దామె, మేమంతా పెద్దక్క అని పిలిచేవాళ్ళం, నన్ను తిట్టలేదు. "తమ్మీ, గంత పెద్ద డబ్బాకు మా లెక్క యాదికి లేదా?" అని మాత్రం అడిగింది. ఆమె లెక్కను ఆమె కూతురు రోజూ పాత నోటుబుక్కులో గీతలు పెట్టి రాసేది. అలాంటి నోటుబుక్కులు, గేటు రిజిస్టరు, లారీ చలాన్లు ముందేసుకొని రెండు రాత్రులు కూర్చుని చాలావరకు మళ్ళీ కూడబెట్టాం. ఆరుగురి లెక్క మాత్రం ఎట్లా కలిపినా తేలలేదు. వాళ్ళకు సగటు కట్టి ఇచ్చారు. అందులో ఇద్దరు మిగతావారికన్నా ఎక్కువ పెట్టెలు కట్టేవారని నాకు తెలుసు. ఆ వారం వాళ్ళకు తక్కువే వచ్చింది. వాళ్ళు కొంతసేపు గొణిగి, తీసుకొని పోయారు. పిల్లల స్కూలు ఫీజుల కాలం అది.

తప్పు నాది కాదనను. పేజీ తిప్పి చదవకుండానే మీట నొక్కినవాణ్ణి నేనే. కాని తప్పంతా నాదేనంటే ఒప్పుకోను. ఆ పుస్తకం రాసినవాడు తన సాఫ్ట్‌వేరును ఎదురుగా పెట్టుకొని, తెర పైన ఎడమ వైపు నుంచి కుడి వైపుకు ఏ మెనూ కనిపిస్తే దాన్ని ఒక అధ్యాయం చేస్తూ పోయాడు. అది అతనికి సులువు. ఏదీ వదిలిపెట్టలేదన్న తృప్తి కూడా ఉంటుంది. కాని మెనూల వరస యంత్రం వరస. మనిషి పని వరస వేరు. మనిషికి ముంచుకొచ్చే ఆపద వరస మరీ వేరు. యంత్రం లోపలి అమరిక వాడేవాడికి తెలియనక్కర లేదని కాడ్ యాభై ఏళ్ళ కిందటే విడుదల పత్రం రాసిచ్చాడు. ఆ పత్రాన్ని మాన్యువలు రాసేవాడు చించివేసి, ముందు నా మెనూలన్నీ నేర్చుకో, ఆ తర్వాతనే నీ పని చూసుకో అంటున్నాడు. ఇదెక్కడి న్యాయం?

మెట్రో రైలెక్కినప్పుడు తలుపు మీద పట్టీ చూడండి. నాగోలు, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక. ప్రయాణికుడికి ఏది ముందు ఎదురవుతుందో అది ముందు. అదే పేర్లను ఎవరైనా అకారాదిగా పేర్చి తలుపు మీద అంటిస్తే, పేర్లన్నీ ఉంటాయి, ఒక్కటీ తప్పు ఉండదు, కాని దిగవలసినవాడు దిగలేడు. అకారాది పట్టికకు వేరే చోట విలువ ఉంది, స్టేషను పేరు తెలిసి దాని వివరం వెతుక్కునేవాడి దగ్గర. ఎవరు, ఎప్పుడు, దేనికోసం పుస్తకం తెరుస్తారన్న ప్రశ్నకు జవాబు తెలిస్తేగాని వరస కుదరదు.

ఈ సంగతి పాశ్చాత్యులు వచ్చి మనకు నేర్పవలసింది కూడా కాదు. పాణిని అష్టాధ్యాయిలో సుమారు నాలుగు వేల సూత్రాలున్నాయి. ఒక సూత్రంలోని మాట కింది సూత్రాల్లోకి పారుతూ పోతుంది. చెప్పిందే మళ్ళీ చెప్పకుండా అతి కొద్ది మాటల్లో వ్యాకరణమంతా ఇమిడేందుకు ఆ వరస పెట్టాడు. కంఠస్థం చేసేవాడికి అది అద్భుతం. కాని ఒక మాట ఎట్లా ఏర్పడిందో తెలుసుకుందామనుకున్న కొత్తవాడు ఆ అధ్యాయం నుంచి ఈ అధ్యాయానికి గెంతుతూ ఉండాలి. అందుకని పదిహేడో శతాబ్దంలో భట్టోజి దీక్షితుడు అవే సూత్రాలను విషయాల వారీగా తిరగపేర్చి సిద్ధాంతకౌముది చేశాడు. అది కూడా కొత్తవారికి బరువని ఆయన శిష్యుడు వరదరాజు పన్నెండు వందల పైచిలుకు సూత్రాలను మాత్రం ఏరి లఘుకౌముది చేశాడు. సూత్రాలు పాణినివే. మారింది వరస. పాఠకుడు మారాడు గనుక వరస మారింది.

మన తెలుగులో చిన్నయసూరి బాలవ్యాకరణమే తీసుకోండి. సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలై ప్రకీర్ణక పరిచ్ఛేదంతో ముగుస్తుంది. మొత్తం పది. ముందు పేర్లు చెప్పాడు, ఆ పేర్లతో సంధి చెప్పాడు, అటు తర్వాత శబ్దాలు, కారకాలు, సమాసాలు, క్రియలు. ఎందులోనూ ఇమడనివన్నీ ఆఖర్న ఒక మూట కట్టాడు. పరీక్షల భయంతో చదివాం గనుక మనకు ఆ అమరికలోని పొందిక కనబడలేదు గాని, వెనక చెప్పబోయేదాని మీద ముందరి అధ్యాయం ఆధారపడకూడదన్న నియమం అందులో చక్కగా ఉంది. ప్రకీర్ణకంలో వేసింది నిజంగా ప్రకీర్ణకమే. మా మాన్యువలు వాళ్ళు చేసిన ఘోరం, ప్రాణం వంటి విషయాన్ని తీసుకుపోయి ప్రకీర్ణకంలో పడేయడం.

డేటాబేసు పుస్తకాలన్నీ ఇంతేనా అంటే కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు ఉంది. 1986లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలైన పరిశోధన అది. 1996 నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరుతో, లోకంలో ఎవరైనా ఉచితంగా వాడుకునేట్టు, ఎందరో స్వచ్ఛందంగా పెంచుతూ వస్తున్నారు. దాని పుస్తకం వేల పేజీలది. అయినా దాన్ని ఎనిమిది భాగాలు చేశారు. మొదటిది కొత్తవారికి పాఠం. రెండోది ప్రశ్నలడిగే భాష. మూడోది సర్వరును చూసుకునేవారికి. నాలుగోది, ఐదోది ప్రోగ్రాములు రాసేవారికి. ఆరోది ఒక్కో కమాండు గురించి వెతుక్కునేందుకు. ఏడోది లోపలి నిర్మాణం మీద పనిచేసేవారికి. ఎనిమిదోది అనుబంధాలు. ఏ భాగం ఎవరికోసమో ముందుమాటలోనే చెప్పారు. ఒకే పెద్ద ఇంట్లో ఎవరి గదికి వారికి తలుపు పెట్టడం వంటిది.

మొదటి భాగంలోని పాఠం రైతుబిడ్డకు బాగా నచ్చుతుంది. అందులో మొదట కట్టించే పట్టిక వాతావరణానిది: ఊరు, కనిష్ఠ ఉష్ణోగ్రత, గరిష్ఠ ఉష్ణోగ్రత, వాన, తేదీ. ఆ ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. నేను దాని బదులు ఆలేరు, భువనగిరి, ఉప్పల్ అని పెట్టి చేసుకున్నాను. ముందు పట్టిక కట్టడం, తర్వాత నింపడం, తర్వాత అడగడం, తర్వాత రెండు పట్టికలను కలిపి అడగడం, అటు తర్వాత దిద్దడం, తుడవడం. కష్టమైనవి తర్వాతి అధ్యాయానికి వదిలారు. ప్రతి మెట్టూ కింది మెట్టు మీద నిలబడి ఉంది.

అదే పుస్తకంలో కాపీలు తీసే అధ్యాయం మూడో భాగంలో ఉంది. కాపీ తీసేందుకు మౌలికంగా మూడు పద్ధతులున్నాయని ముందే చెప్పి, ఒక్కోదాని మంచిచెడ్డలు వివరించారు. ఫైళ్ళను నేరుగా కాపీ చేసే పద్ధతిలో సర్వరు ఆపవలసిందేనన్న హెచ్చరిక ఆ పద్ధతి చెప్పే చోటనే ఉంది, పక్క పేజీలో కాదు. మైఎస్‌క్యూఎల్ అనే మరో ప్రసిద్ధ డేటాబేసు పుస్తకంలో కాపీలు తీసి కాపాడుకునే అధ్యాయం తర్వాతనే వేగం పెంచుకునే అధ్యాయం వస్తుంది. ముందు భద్రం, ఆ తర్వాత పరుగు. ఇది యాదృచ్ఛికమో, ఆలోచించి పెట్టిందో గాని నాకు నచ్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. 'పోస్ట్‌గ్రెస్‌లోనూ కాపీ అధ్యాయం మొదట లేదు కదా, మూడో భాగంలో ఉంది కదా, మరి దాన్ని మెచ్చుకుంటావేం' అని. నిజమే. కాని పెద్ద సంస్థల్లో లెక్క ఎక్కించేవారు వేరు, సర్వరును చూసుకునేవారు వేరు. చూసుకునేవాడు తిన్నగా మూడో భాగం తలుపు తీస్తాడు. నాచారం షెడ్డులో ఆ ఇద్దరూ ఒక్కడే. వాడికి నెలకు వచ్చేది కూడా అంతంతే. అటువంటి చోటికి అమ్మే సాఫ్ట్‌వేరు పుస్తకంలో ఆ అధ్యాయం ముందుకు రాక తప్పదు. పెద్దవారి పుస్తకం వరస చూసి చిన్నవారి పుస్తకానికి అతికిస్తే, పెద్దబావి మోటను చేతిబావికి కట్టినట్టే.

ఆ ఘటన తర్వాత, మిగిలిన సెలవుల్లో, అదే యూనిట్ కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం రాయడానికి కూర్చున్నాను. మొదటిసారి రాసింది చూసి ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. మొదటి అధ్యాయం 'డేటాబేసు అనగానేమి?' కాడ్ గురించి ఒక పేరా, పట్టికల గురించి రెండు పేజీలు. సిలబసులో ఏ వరసన ఉందో ఆ వరసన రాశాను. సూపర్‌వైజరు రెండు పేజీలు చదివి, "తమ్మీ, ఇది పరీక్షకా, పనికా?" అన్నాడు. మెనూల వరసలో రాసినవాణ్ణి తిట్టిన నేను సిలబసు వరసలో రాశాను. ఇద్దరమూ మాకు తెలిసిన వరసలోనే రాశాం. చదివేవాడి వరస ఇద్దరికీ పట్టలేదు.

రెండోసారి కోపంతో కాపీ అధ్యాయాన్ని మొదటి పేజీలోనే పెట్టాను. అదీ కుదరలేదు. సాఫ్ట్‌వేరును తెరవడం, మూయడం రానివాడికి కాపీ తీయమంటే ఏం తీస్తాడు? నా మాటల్లో సగం అతనికి ఇంకా తెలియవు. అప్పుడు తెలిసింది, ముందు పెట్టడమంటే గుడ్డిగా మొదటి పేజీలో పెట్టడం కాదని, వీలైనంత ముందు పెట్టడమని.

మూడోసారికి ఇరవై నాలుగు పేజీల్లో ఒక రూపం వచ్చింది. అట్ట లోపలి వైపున పెద్ద అక్షరాలతో ఒక్కటే మాట: తెర తెరుచుకోకపోతే ఏమీ నొక్కకండి, 4వ పేజీ తీయండి. తర్వాత తెరవడం, మూయడం. ఆ వెంటనే కాపీ తీయడం, తిరిగి ఎక్కించడం, రెండూ ఒక్కచోట; ముందు చేయవలసింది ముందు మెట్టుగానే. ఆ పైన రోజువారీ పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ చీటీ వస్తే ఏ తెర. ఆ తర్వాత శనివారం. ఆ తర్వాత నెలాఖరు. తప్పు పడితే దిద్దే పద్ధతి వేరే అధ్యాయం. చివర అన్ని తెరల పేర్లు అకారాదిగా, వెతుక్కునేందుకు. డేటాబేసు అనగానేమి అన్నది అట్ట వెనక అర పేజీకి దిగింది, ఆసక్తి ఉన్నవారికి. కంప్యూటరు ముందు ఎన్నడూ కూర్చోని పెద్దక్క కూతురితో, పుస్తకం తప్ప ఎవరి సాయమూ లేకుండా, కాపీ తీయించి, వేరే కంప్యూటరులో తిరిగి ఎక్కించి చూపించాం. రెండు చోట్ల ఆగింది. ఆగిన రెండు చోట్లా తప్పు నా వాక్యాలదే. దిద్దాను.

ఇంత శ్రమ ఎందుకు, తెలిసినవాణ్ణి ఒకణ్ణి పెట్టుకుంటే పోలా అని సేఠ్ అన్నాడు. దీనికి మా ఊరి పెద్దలు జవాబు చెప్పగలరు. ఒకప్పుడు ఊరి లెక్కంతా పట్వారీ దగ్గర ఉండేది. పహాణీ పుస్తకం ఆయన ఇంట్లోనే, అర్థం ఆయన నోట్లోనే. తన చెలక ఎవరి పేరున ఉందో తెలుసుకునేందుకు రైతు ఆయన అరుగు ముందు నిలబడాలి. 1984లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. పదవి పోయింది గాని, తెలిసినవాడి ముందు తెలియనివాడు చేతులు కట్టుకొని నిలబడే పద్ధతి అంత తేలిగ్గా పోదు. లెక్క కంప్యూటరులోకి ఎక్కి, దాన్ని తీసే పద్ధతి ఒక్కడి బుర్రలోనే ఉంటే, వాడే కొత్త పట్వారీ. ఆ రోజు పెళ్ళికి పోయిన ఎకౌంటెంటు సారు మంచివారే, పాపం. కాని ఆయన లేని నాడు నలభై మంది కూలి ఆగిపోయింది. చదివేవాడికి అందే వరసలో రాసిన పుస్తకం పట్వారీగిరీని రద్దు చేసే ఆర్డినెన్సు వంటిది.

భూమి లెక్కలు కూడా ఇప్పుడు కంప్యూటరులోకే వచ్చాయి. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణిలో దరఖాస్తులకు ముప్పైకి పైగా మాడ్యూళ్ళుండేవి, కొత్తదానిలో వాటిని బాగా తగ్గించారు. రాజకీయం నాకు వద్దు. కాని ఏ శీర్షిక కింద ఏమి పెట్టాలి, ఎన్ని శీర్షికలు పెట్టాలి అన్నది గుమాస్తాల చిల్లర పని కాదని, సామాన్యుడి బతుకును తాకే పని అని ఇంతకంటే వేరే రుజువు అక్కరలేదు. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పిన ఎస్.ఆర్. రంగనాథన్, 1931లోనే నాలుగో సూత్రంగా పాఠకుడి కాలాన్ని ఆదా చేయమన్నాడు. మా విషయంలో ఆదా కావలసింది కాలం మాత్రమే కాదు, ఇద్దరు ఆడవాళ్ళ వారం కూలి కూడా.

ఇక మన సంగతి. మనం ప్రాజెక్టు రికార్డులు ఎట్లా రాస్తామో మనకు తెలియనిదా? సర్టిఫికెట్టు, కృతజ్ఞతలు, పరిచయం, బొమ్మలు, నాలుగు వందల వరసల ప్రోగ్రాము, తెరల ఫోటోలు, ముగింపు. సీనియరు రికార్డు పక్కన పెట్టుకొని పేరు మార్చి దింపుతాం. వాడేవాడికి ఉపయోగపడే పేజీ ఒక్కటైనా ఉంటుందా? ఇట్లా రాయడం అలవాటైనవాళ్ళమే రేపు ఉద్యోగాల్లో చేరి, 171వ పేజీ తర్వాత 172వ పేజీ రాస్తాం. అందుకే ఈ సంచిక ద్వారా విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకూ మూడు మనవులు.

ఒకటి, డేటాబేసు ప్రాజెక్టు చేసిన ప్రతి జట్టూ దానికి ఒక చిన్న వాడుక పుస్తకం రాయాలి, దానికి మార్కులుండాలి. రెండు, ఆ పుస్తకాన్ని వేరే శాఖ విద్యార్థి చేతికిచ్చి, పక్కన ఎవరూ మాట్లాడకుండా, కాపీ తీసి తిరిగి ఎక్కించమనాలి. అతడు ఆగిన చోటల్లా రాసినవాడి మార్కు తగ్గాలి, చదివినవాడిది కాదు. మూడు, ఆపద వేళ చూసే మొదటి పేజీ తెలుగులో ఉండాలి. దీనికి తెలుగు శాఖ మిత్రుల సాయం తీసుకుందాం. పరిచ్ఛేదాలు పేర్చడం చిన్నయసూరిని చదివినవారికి మనకన్నా బాగా తెలుసు.

ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. రాసేవాడు తన కుర్చీలోంచి లేచి, కరెంటు పోయిన గదిలో టార్చిలైటు పట్టుకున్నవాడి కుర్చీలో ఒక్క గంట కూర్చుంటే చాలు.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ ఇరవై నాలుగు పేజీలు మా నాయనకు చూపించాను. ఆయనకు కంప్యూటరు తెలియదు. అట్ట తిప్పి, లోపలి పెద్ద అక్షరాలు నెమ్మదిగా కూడబలుక్కొని చదివి, 4వ పేజీలో ఏముందని అడిగాడు. లెక్కకు కాపీ తీసి దాచే పద్ధతి ఉందని చెప్పాను.

"విత్తనమన్నట్టు" అన్నాడు. "మరి ముందల్నే పెట్టినవ్ గద, మంచిగున్నది."